ఏ ఆటలో ఎవరు పెద్ద స్టార్? వాదనకు దిగే ముందు ఒక లెక్క

మా ఇంట్లో సంక్రాంతికి అందరం కలిస్తే మొదటి రోజు అరిసెలు, రెండో రోజు గొడవ. ఆస్తుల గొడవ కాదు, ఆటల గొడవ. వైజాగ్ మామయ్యది ధోనీ పార్టీ, నాది సచిన్ పార్టీ. సెలవు దొరికితే డాలస్ నుంచి వచ్చే మా బావది బాస్కెట్‌బాల్ ఆడే లెబ్రాన్ జేమ్స్ పార్టీ. "పది దేశాలు ఆడే ఆటరా మీ క్రికెట్" అని బావ మొదలుపెడతాడు. "మన వీధి చివర టీ కొట్టులో మీ లెబ్రాన్ ఎవరికి తెలుసో కనుక్కో బావా" అని నేను. మధ్యాహ్నం భోజనాలకు ఆకులు వేసేదాకా ఇదే తంతు.

ఇన్నేళ్లు ఈ గొడవ విన్నాక నాకు తెలిసింది ఒకటుంది. ఒకరు చెప్పేది గొప్ప ఆటగాడు ఎవరన్నది, ఇంకొకరు చెప్పేది పెద్ద స్టార్ ఎవరన్నది. రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులిస్తూ, ఒకే ప్రశ్న మీద కొట్టుకుంటున్నామని అనుకుంటారు. సినిమాల దగ్గర ఈ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మంచి నటుడు వేరు, స్టార్ వేరు. ఎవరి బెనిఫిట్ షో కోసం జనం చీకటితో లేచి థియేటర్ ముందు నిలబడతారో అతను స్టార్. నటన ఎలా ఉందన్నది మ్యాట్నీ అయ్యాక మాట్లాడుకునే సంగతి. ఆటల్లోకి వచ్చేసరికి ఈ తెలివి ఎక్కడికో పోతుంది. స్టార్ గురించి అడిగితే సెంచరీల లెక్క తీస్తాం.

కాబట్టి పేరు ఎంచుకునే ముందు మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది అమ్మమ్మ పరీక్ష. ఆట నియమాలు తెలియని, ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూడని మనిషికి ఆ పేరు తెలుసా? రెండోది టీవీ పరీక్ష. అతను అవుటైనా, ఓడినా, ఆడకపోయినా జనం టీవీ కట్టేస్తారా? మూడోది వీధి పరీక్ష. సాయంత్రం ఆడుకునే పిల్లలు ఎవరిలా నిలబడుతున్నారు, ఎవరి షాట్ కొట్టబోయి పక్కింటి అద్దం పగలగొడుతున్నారు? ఈ మూడింట్లోనూ తేలకపోతేనే రికార్డుల పుస్తకం తెరవాలి. ఇంకో మాట, ఎక్కడి సంగతి, ఎప్పటి సంగతి అన్నది ముందే ఒప్పుకోండి. ప్రపంచమంతా లెక్కలోకి తీసుకుంటే ఒక పేరు వస్తుంది, మన దేశం వరకే చూస్తే వేరే పేరు వస్తుంది. ఇవాళ్టి లెక్క వేరు, మొత్తం చరిత్ర లెక్క వేరు.

క్రికెట్: మూడు పేర్లు, మన రెండు మైదానాలు

అంకెల్లో అందరికంటే గొప్పవాడు డాన్ బ్రాడ్‌మన్. 52 టెస్టులు, సగటు 99.94. 1948లో ఓవల్ మైదానంలో ఆఖరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేసుంటే సగటు సరిగ్గా 100 అయ్యేది, సున్నాకి అవుటయ్యాడు. కానీ ఆయన మన దేశంలో ఒక్క టెస్టు కూడా ఆడలేదు. మా అమ్మమ్మకే కాదు, క్రికెట్ పిచ్చి ఉన్న మా మామయ్యకు కూడా బ్రాడ్‌మన్ అంటే ఒక అంకె, అంతే. గొప్ప ఆటగాడి ప్రశ్నకు ఆయన పేరు చెప్పండి. స్టార్ ప్రశ్నకు చెప్పారంటే ఎదుటివాళ్లు నవ్వుతారు.

స్టార్ ప్రశ్న మన దగ్గర ముగ్గురి మధ్యే. సచిన్, ధోనీ, కోహ్లీ. ముగ్గురినీ పోల్చడానికి ముంబైకో చెన్నైకో పోనక్కర్లేదు, ఉప్పల్, వైజాగ్ చాలు.

2009 నవంబరు 5, ఉప్పల్. ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ ఒక్కడే 175. ఆ మ్యాచ్‌లోనే వన్డేల్లో 17 వేల పరుగులు దాటాడు. అతను అవుటయ్యేసరికి గెలుపు చేతికందే దూరంలో ఉంది, చివరికి మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. 2018 అక్టోబరు 24, వైజాగ్. వెస్టిండీస్ మీద కోహ్లీ 157 నాటౌట్. 205వ ఇన్నింగ్స్‌లోనే 10 వేల పరుగులు పూర్తి చేశాడు, సచిన్‌కు అదే మైలురాయి చేరడానికి 259 ఇన్నింగ్స్ పట్టింది. మ్యాచ్ టై అయింది. 2024 మార్చి 31, మళ్లీ వైజాగ్. ఐపీఎల్‌లో ఢిల్లీ జట్టుకు అది సొంత మైదానం. చూస్తే స్టాండ్లన్నీ పసుపు పచ్చ. 42 ఏళ్ల ధోనీ ఆఖర్లో వచ్చి 16 బంతుల్లో 37 కొట్టాడు. చెన్నై 20 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓడిన జట్టు అభిమానులు పండగ చేసుకుంటూ ఇంటికెళ్లారు.

గమనించారా, మూడు మ్యాచ్‌ల్లోనూ వాళ్ల జట్టు గెలవలేదు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఆ మ్యాచ్‌లనే. ఎవరు గెలిచారన్నది మర్చిపోయి ఎవరు ఆడారన్నది గుర్తుండిపోతే, అదీ స్టార్ లక్షణం.

ముగ్గురిలో ఒకరిని ఎంచుకోమంటే నా లెక్క ఇది. టీవీ పరీక్షలో సచిన్‌ను మించినవాడు లేడు. తొంభైల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, అతను అవుటైతే ఊళ్లో సగం టీవీలు ఆగిపోయేవి. 1998 ఏప్రిల్‌లో షార్జాలో 143 కొట్టిన రాత్రి, రెండు రోజులకే తన 25వ పుట్టినరోజున ఫైనల్లో 134 కొట్టిన రాత్రి కరెంటు పోని ఊళ్లవాళ్లు అదృష్టవంతులు. వంద అంతర్జాతీయ సెంచరీలు, 200 టెస్టులు, భారతరత్న అందుకున్న తొలి క్రీడాకారుడు అన్నవి తర్వాత సంగతులు. ధోనీది వేరే రకం స్టార్‌డమ్. 2005 ఏప్రిల్‌లో వైజాగ్‌లోనే పాకిస్తాన్ మీద 148 కొట్టి, జులపాల జుట్టుతో దేశానికి పరిచయమయ్యాడు. అప్పటికి అది అతనికి ఐదో వన్డే. 2011 ఫైనల్లో కొట్టిన సిక్సర్ తర్వాత అతను ఏం చేసినా జనం ఒప్పుకున్నారు, ఏమీ చేయకుండా వికెట్ల వెనుక నిలబడినా ఒప్పుకున్నారు. ఆటకంటే మనిషి మీద అభిమానం అది. ఆ విషయంలో సచిన్ కంటే ఒక మెట్టు పైనే అని, నా పార్టీ కాకపోయినా ఒప్పుకుంటాను.

ఇవాళ్టికి, ప్రపంచం మొత్తానికి అంటే మాత్రం కోహ్లీ. 2023 నవంబరులో వాంఖడేలో 50వ వన్డే సెంచరీ కొట్టి, స్టాండ్‌లో కూర్చున్న సచిన్‌కు వంగి నమస్కరించాడు. దానికి నెల ముందు అదే ముంబైలో 2028 ఒలింపిక్స్‌లోకి క్రికెట్‌ను తీసుకునే నిర్ణయం జరిగింది. అప్పుడు లాస్ ఏంజెలిస్ నిర్వాహకులు ఆట విలువ చెప్పడానికి చూపిన ఉదాహరణ, సోషల్ మీడియాలో కోహ్లీకి ఉన్న అభిమానుల సంఖ్య. క్రికెట్ తెలియని దేశానికి క్రికెట్ అంటే ఏంటో చెప్పాలంటే అతని పేరు వాడుకోవాల్సి వచ్చింది. చరిత్ర మొత్తంలో సచిన్, అభిమానంలో ధోనీ, ఇవాళ కోహ్లీ. ఒకే పేరు కావాలని పట్టుబడితే నేను సచిన్ అంటాను, మామయ్య లేచి వెళ్లిపోతాడు.

రోహిత్ శర్మ పేరు రాలేదేమని అడిగేవాళ్లుంటారు. వాళ్లమ్మగారిది వైజాగ్, 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్‌లో ఆడాడు, తెలుగు బాగానే అర్థమవుతుంది. మనకు ప్రేమ ఎక్కువే. అయినా టీవీ పరీక్షలో పై ముగ్గురి తర్వాతే. ఇంకా వెనక్కి వెళితే సి.కె. నాయుడు ఉన్నారు. తెలుగు మూలాలున్న నాగపూర్ కుటుంబం. 1926లో బాంబే జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ మీద 153 కొట్టారు, అందులో 11 సిక్సర్లు. 1932లో దేశానికి తొలి టెస్టు కెప్టెన్. టీవీ లేని కాలంలో స్టార్ అంటే ఆయనే. వాదనలో ఎవరూ ఊహించని పేరు వేయాలంటే ఇది దాచుకోండి.

ఫుట్‌బాల్: మెస్సీ, రొనాల్డో

ఇక్కడ తేల్చడం మీరనుకున్నంత కష్టం కాదు, ప్రశ్నను రెండుగా విడగొడితే చాలు. గొప్ప ఎవరంటే మెస్సీ. ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్‌లు అతనివి ఎనిమిది, రొనాల్డోవి ఐదు. ఒక్కటే లోటు ఉండేది, ప్రపంచ కప్. 2022 డిసెంబరు 18న ఖతార్‌లోని లుసైల్‌లో అదీ తీరింది. ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె మూడు గోల్స్ కొట్టినా, 3-3 దగ్గర ఆగిన ఆటను పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది.

స్టార్ ఎవరంటే రొనాల్డో. ఈ మాటకు మెస్సీ అభిమానులకు కోపం వస్తుందని తెలుసు. కానీ అన్ని సోషల్ మీడియా వేదికలు కలిపి వంద కోట్ల మంది ఫాలోవర్లను దాటిన మొదటి మనిషి అతనే. సౌదీలో అల్ నస్ర్ అనే క్లబ్బు ఉందని మనలో చాలామందికి తెలిసింది అతను అక్కడికి వెళ్లాకే. గోల్ కొట్టి గాల్లోకి ఎగిరి, తిరిగి, చేతులు కిందికి విసిరి "సియూ" అనడం మా అపార్ట్‌మెంట్ పిల్లలు కూడా చేస్తారు, వాళ్లు కొట్టింది గోల్ కాకపోయినా. మెస్సీని అలా అనుకరించడం కుదరదు. అతను చేసేది కాళ్లతో, బంతి అతుక్కుపోయినట్టుగా. చూడ్డానికి అందం, చేయబోతే బోల్తా.

అయితే మన దేశం వరకు వస్తే లెక్క తారుమారు కావచ్చు. 2025 డిసెంబరు 13న మెస్సీ వచ్చాడు. మ్యాచ్ కూడా కాదు, ఉత్త దర్శనం. కోల్‌కతాలో వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు చుట్టూ చేరిన పెద్దమనుషుల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు, సీసాలు, కుర్చీలు గాల్లోకి లేచాయి. అదే సాయంత్రం ఉప్పల్‌లో మాత్రం అతను ముఖ్యమంత్రితో కలిసి కాసేపు బంతి తన్ని, స్టాండ్లలోకి బంతులు కొట్టి వెళ్లాడు. క్రికెట్ మైదానంలో, ఆట లేకుండా, అంత జనం. 1977లో పీలే కూడా కోల్‌కతాకు వచ్చాడు, కానీ ఆయన ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద నిజంగా మ్యాచ్ ఆడాడు, 2-2తో డ్రా అయింది.

మూడు ప్రపంచ కప్‌లు గెలిచిన పీలేను, 1986లో ఇంగ్లండ్ మీద ఒకే మ్యాచ్‌లో చేత్తో ఒక దొంగ గోల్, కాలితో ఒక మహా గోల్ చేసిన మరడోనాను ఈ వాదనలోకి తెస్తే రాత్రయిపోతుంది. మా నాన్న తరానికి పీలే, బాబాయి తరానికి మరడోనా అని ముగించడం మంచిది. రాబోయేవాళ్లలో పేరు చెప్పమంటే లామీన్ యమాల్. స్పెయిన్ తరఫున 2024 యూరో కప్ సెమీస్‌లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టినప్పుడు వయసు 16, కప్పు ఎత్తింది 17 నిండిన మర్నాడు.

ఫుట్‌బాల్ మనది కాదనేవాళ్లకు ఒక సమాధానం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం. రెండుసార్లూ కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడి పంతులు.

టెన్నిస్: అంకెలు ఒకరివి, చప్పట్లు ఒకరివి

గొప్పకూ స్టార్‌కూ తేడా చూపించడానికి దీనికి మించిన ఆట లేదు. ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీల టైటిళ్లు, అంటే గ్రాండ్‌స్లామ్‌లు, జొకోవిచ్‌కు 24, నాదల్‌కు 22, ఫెదరర్‌కు 20. నంబర్ వన్‌గా జొకోవిచ్ 428 వారాలు. ముఖాముఖిలో ఫెదరర్ మీద 27-23, నాదల్ మీద 31-29. ఏ కాగితం తీసినా జొకోవిచే పైన ఉంటాడు. పారిస్‌లో 2024లో ఒలింపిక్ స్వర్ణం కూడా వచ్చేసింది, ఇక మిగిలిందేమీ లేదు.

మరి 2019 వింబుల్డన్ ఫైనల్ గుర్తుచేసుకోండి. ఐదో సెట్‌లో ఫెదరర్ సర్వీస్, చేతిలో రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. మైదానమంతా అతని వైపే. జొకోవిచ్ రెండూ కాచుకుని, ఐదు గంటలకు మూడు నిమిషాల ముందు గెలిచేశాడు. మొత్తం పాయింట్లు ఫెదరర్‌కే ఎక్కువ వచ్చాయి, కప్పు మాత్రం రాలేదు. కప్పు ఎత్తుకున్న మనిషికంటే ఓడిన మనిషికి పెద్ద చప్పట్లు పడ్డాయి. మా బావ ఆ రోజు జొకోవిచ్ పక్షం. ఇంట్లో ఒంటరివాడయ్యాడు పాపం.

కాబట్టి ఎంపిక సులువు. ఫలితాలు ముఖ్యమనుకుంటే జొకోవిచ్. పోరాటం ముఖ్యమనుకుంటే నాదల్, ఒక్క ఫ్రెంచ్ ఓపెన్‌లోనే 14 టైటిళ్లంటే మాటలా. ఆట చూసి ముచ్చట పడాలంటే ఫెదరర్, పెద్ద స్టార్ కూడా అతనే. అయితే మగవాళ్ల దగ్గరే ఆగిపోతే తప్పు చేసినట్టే. సెరీనా విలియమ్స్ 23 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లలో ఆఖరిది, 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్, కడుపులో బిడ్డతో గెలిచింది. అమెరికాలో టెన్నిస్ పేరెత్తితే ముందు ఆమె, తర్వాతే మిగతావాళ్లు. మా బావ కూడా ఇది కాదనడు.

మన ఊళ్లలో అమ్మమ్మ పరీక్ష పెడితే ఫెదరర్, సెరీనా ఇద్దరూ ఫెయిల్. పాసయ్యేది సానియా మీర్జా. 2005లో హైదరాబాద్‌లోనే మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. డబుల్స్, మిక్స్‌డ్ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాటలేదు కదా అని పెదవి విరిచేవాళ్లుంటారు. అది గొప్పతనం లెక్క. ఆ రోజుల్లో హైదరాబాద్ వీధుల్లో ఎంతమంది ఆడపిల్లల చేతుల్లో రాకెట్ కనిపించిందన్నది స్టార్ లెక్క.

బాస్కెట్‌బాల్: మా బావ కోసం

బావ వాదన నిజాయితీగా చెబుతాను. లెబ్రాన్ 2003 నుంచి ఆడుతున్నాడు. 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటాడు, మరుసటి ఏడాది 40 వేలు దాటాడు. మూడు వేర్వేరు జట్లతో నాలుగు ఛాంపియన్‌షిప్‌లు. 2024లో సొంత కొడుకుతో కలిసి ఒకే జట్టులో కోర్టులోకి దిగాడు. ఇంత కాలం ఇంత బాగా ఆడినవాడు లేడు.

అయినా పెద్ద స్టార్ మైకేల్ జోర్డానే. ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచాడు, ఆరింటిలోనూ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ జట్టుతో బాస్కెట్‌బాల్ ప్రపంచమంతా పాకింది. అతను ఆట మానేసి ఇరవై ఏళ్లు దాటినా, ఆట ఒక్క నిమిషం చూడని మన కాలేజీ కుర్రాళ్లు అతని బొమ్మ ఉన్న బూట్ల కోసం జీతం వచ్చేదాకా ఎదురుచూస్తారు. బెనిఫిట్ షో అయిపోయి ఎన్నేళ్లయినా ఓపెనింగ్స్ ఆగలేదంటే ఇంకేం కావాలి.

వీధి పరీక్షలో మాత్రం ఇద్దరూ స్టెఫెన్ కర్రీ చేతిలో ఓడిపోతారు. మా బావ కొడుకు పన్నెండేళ్లవాడు, డాలస్‌లో ఇంటి ముందు బుట్ట కట్టించుకున్నాడు. దాని కింద నిలబడి ఎప్పుడూ వేయడు, రోడ్డు మధ్యకు వెళ్లి అక్కడి నుంచి వేస్తాడు. ప్రపంచమంతటా పిల్లలు ఇప్పుడు అంతే. ఆ దూరం నుంచి వేయడం మామూలు సంగతి చేసింది కర్రీ.

బ్యాడ్మింటన్: ఇంటి పంచాయితీ

ప్రపంచం లెక్క ముందు చూసేద్దాం. చైనా లిన్ డాన్, మలేసియా లీ చోంగ్ వేయ్. రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఐదు ప్రపంచ టైటిళ్లతో లిన్ డాన్ గొప్ప, స్టార్ కూడా. మూడు ఒలింపిక్స్‌లో మూడు రజతాలతో ఆగిన లీ చోంగ్ వేయ్ మీద మలేసియా జనానికి ఉన్న ప్రేమ చూస్తే మన 2009 ఉప్పల్ గుర్తొస్తుంది.

అసలు పంచాయితీ మన గడప లోపల. సైనానా, సింధునా? ఇద్దరూ హైదరాబాద్‌లో తయారైనవాళ్లే, ఇద్దరినీ తీర్చిదిద్దింది గోపీచందే, కాబట్టి బయటివాళ్ల సాయం లేకుండా మనమే తేల్చుకోవాలి. అందరూ ముందు మర్చిపోయే విషయం, సైనా వచ్చేనాటికి మన ఆడపిల్లలు చైనావాళ్ల చేతిలో ఓడిపోవడం వార్త కూడా కాదు. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ కాంస్యం మ్యాచ్‌లో ఎదుటి అమ్మాయి మోకాలి గాయంతో తప్పుకుందని సింధు పార్టీవాళ్లు గుర్తుచేస్తారు. సైనా పార్టీవాళ్లు వెంటనే 2018 కామన్వెల్త్ ఫైనల్ తీస్తారు. అందులో సింధును సైనా వరుస గేముల్లో ఓడించింది, 21-18, 23-21.

సింధు వైపు అంకెలు బరువైనవి. 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్. ఆ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారాను 21-7, 21-7తో ఓడించడం ఆట కాదు, ఊచకోత. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో మొత్తం ఐదు పతకాలు.

ఇంతవరకు గొప్పతనం. స్టార్ ప్రశ్నకు జవాబు 2016 ఆగస్టు 19 సాయంత్రంలో ఉంది. రియోలో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్‌తో ఫైనల్. బ్యాడ్మింటన్‌లో ఎన్ని పాయింట్లకు గేమో తెలియనివాళ్లు కూడా ఆ రోజు టీవీ ముందు కూర్చున్నారు. మా అమ్మ పొయ్యి కట్టేసి వచ్చింది. మొదటి గేమ్ గెలిచి, తర్వాత రెండూ ఓడింది. ఓడినా శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా పైకప్పు లేని బస్సులో ఊరేగింపు. రెండు తెలుగు రాష్ట్రాలూ మా అమ్మాయంటే మా అమ్మాయని పోటీ పడి కోట్లు ప్రకటించాయి. విడిపోయి రెండేళ్లయిన రెండు రాష్ట్రాలు ఒకే మనిషిని తమదనడం ఆ రోజు చూశాం. తలుపు తీసింది సైనా. ఇల్లంతా వెలుగు నింపింది సింధు. ఒక్క పేరంటే సింధు.

గోపీచంద్ సంగతి వేరు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు స్టార్ కావడానికి అన్నీ కుదిరాయి. కూల్‌డ్రింక్ ప్రకటన వస్తే వద్దన్నాడు, తాను తాగనిది పిల్లలకు అమ్మనన్నాడు. స్టార్ కాకుండా ఉండడం కూడా ఒక ఎంపికేనని ఆయన్ని చూస్తే తెలుస్తుంది. కొత్త తరంలో అమలాపురం సాత్విక్‌ను గమనించండి. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్ గిన్నిస్‌కెక్కింది, చిరాగ్‌తో కలిసి 2023లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. డబుల్స్‌లో స్టార్లు పుట్టడం కష్టం, అదొక్కటే అడ్డంకి.

వాదన అక్కర్లేనివి, సగం అక్కర్లేనివి

పరుగులో ఉసేన్ బోల్ట్. 2008 బీజింగ్‌లో గీత దాటకముందే గర్వంగా ఛాతీ చరుచుకుంటూ, ఒక బూటు లేసు ఊడిపోయి 9.69. మరుసటి ఏడాది బెర్లిన్‌లో 9.58, ఇప్పటికీ ఎవరూ దగ్గరకు రాలేదు. మన దేశానికి నీరజ్ చోప్రా, టోక్యోలో 87.58 మీటర్లు. పారిస్‌లో 89.45 విసిరినా పాకిస్తాన్ నదీమ్ 92.97తో స్వర్ణం పట్టుకుపోయాడు. నీరజ్ స్టార్‌డమ్ మాత్రం తగ్గలేదు.

బాక్సింగ్‌లో మహమ్మద్ అలీ. యుద్ధానికి రానని చెప్పి 1967లో టైటిల్ పోగొట్టుకుని, 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను పడగొట్టి తిరిగి తెచ్చుకున్నాడు. మేవెదర్ 50 ఆడి 50 గెలిచాడు కదా అంటే, అది అకౌంటెంట్ వాదన. గోల్ఫ్‌లో మేజర్లు, అంటే అతి పెద్ద టోర్నీల టైటిళ్లు, నిక్లస్‌కు 18, టైగర్ వుడ్స్‌కు 15. స్టార్ టైగరే. ఈతలో 23 స్వర్ణాల ఫెల్ప్స్. జిమ్నాస్టిక్స్‌లో సిమోన్ బైల్స్ అంటాను, 1976లో పదికి పది తెచ్చుకున్న నాడియా పేరు మా అమ్మ అంటుంది. ఫార్ములా వన్‌లో షూమాకర్, హామిల్టన్ ఇద్దరికీ ఏడేసి టైటిళ్లు. ఇది నేను పూర్తిగా చూసే ఆట కాదు, కానీ అమ్మమ్మ పరీక్షకు దగ్గరగా వచ్చేది షూమాకరే. ఆటో కాస్త వేగంగా పోతే "షూమాకర్ అనుకుంటున్నావా" అంటారు, హామిల్టన్ అనరు.

పతకాల సంఖ్యతో ఒక ఆటవాళ్లను ఇంకో ఆటవాళ్లతో పోల్చే తప్పు చేయకండి. ఫెల్ప్స్ ఒక్క బీజింగ్‌లోనే ఎనిమిది స్వర్ణాలు గెలిచాడు. సింగిల్స్ ఆడే సింధు ఎంత ఆడినా ఒక ఒలింపిక్స్‌లో ఒకటే గెలవగలదు. సిడ్నీలో 2000లో 240 కిలోలెత్తిన మన కరణం మల్లీశ్వరిది ఒక్క కాంస్యమే. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె, ఆ ఒక్కదాని బరువు వేరు.

చదరంగంలో కాస్పరోవ్, కార్ల్‌సన్‌ల మధ్య గొప్పతనం వాదన సాగుతూనే ఉంటుంది. రేటింగ్‌లో 2882 దాకా వెళ్లిన కార్ల్‌సన్‌కే నా ఓటు. స్టార్ విషయంలో మనకు ఆనంద్, ఆ తర్వాత గుకేశ్. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు కావడంతో మీవాడా, మావాడా అని ఆ రాత్రంతా పంచాయితీ నడిచింది. 2025లో నార్వేలో గుకేశ్ చేతిలో ఓడి కార్ల్‌సన్ బల్ల మీద గుద్దిన వీడియో, చదరంగం తెలియనివాళ్లు కూడా చూశారు. అంతకంటే ముందు నుంచీ ఆడుతున్న కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో, తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్. 2800 రేటింగ్ తాకిన వరంగల్ అర్జున్ ఇరిగేశి కూడా ఉన్నాడు. ఇద్దరికీ గొప్పతనం నిండుగా ఉంది, స్టార్‌డమ్ ఇంకా రావాల్సినంత రాలేదు. అది వాళ్ల తప్పు కాదు.

మిగిలింది ఆడపిల్లల క్రికెట్. చాలాకాలం ఇక్కడ ఒకే పేరు, హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్. వన్డేల్లో 7,805 పరుగులు, 2017 ప్రపంచ కప్ ఫైనల్లో తొమ్మిది పరుగుల తేడాతో ఓటమి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను ఓడించి కప్పు గెలిచాక జాబితా పెరిగింది. స్టైల్ చూసేవాళ్లకు స్మృతి మంధాన, 2017లో ఆస్ట్రేలియా మీద 171 మర్చిపోనివాళ్లకు హర్మన్‌ప్రీత్. నేను స్మృతి అన్నాను. ఈ సంక్రాంతికి కూడా పెరట్లో గొడవ మొదలైంది. మా మేనకోడలు ఎడమ చేత్తో గోడకేసి స్పిన్ వేస్తూ, వినీ విననట్టు "శ్రీ చరణి" అంది.

"ఎవరామె?" అన్నాడు బావ.

అరిసెలు నొక్కుతున్న అమ్మమ్మ తలెత్తకుండానే చెప్పింది, "కడప పిల్ల."